కార్డులో లేదు, పీసీఆర్‌లో ఉంది: మలేరియా పరీక్షలు అసలు దేన్ని వెతుకుతాయి?

పోయిన కార్తీకంలో, నెల్లూరు జిల్లాలో వాన తెరిపి ఇవ్వని రోజుల్లో, మా మేనమామ చీమకుర్తి నుంచి జ్వరంతో కావలికి వచ్చాడు. అక్కడ గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్ పని ఆయనది. రోజు మార్చి రోజు చలి, వణుకు, ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఆపైన చెమటలు పట్టి తగ్గిపోవడం. ఇంటి దగ్గర క్లినిక్‌లో వేలు గుచ్చి కార్డు టెస్ట్ చేశారు, నెగెటివ్. రక్తపూత చూశారు, అదీ నెగెటివ్. డెంగీ కూడా కాదన్నారు. జ్వరం మాత్రం పోలేదు. మూడో రోజు రక్తం తీసి పెద్ద ల్యాబ్‌కి పంపిస్తే, ఇంకో రెండు రోజులకి పీసీఆర్ రిపోర్ట్ వచ్చింది: ప్లాస్మోడియం వైవాక్స్ పాజిటివ్.

"ఏందబ్బయా ఇది, రెండు రిపోర్టుల్లో లేదంట, ఒక దాంట్లో ఉందంట, ఏది నమ్మేది?" అని మా అత్త అడిగింది. వానాకాలం వస్తే ఈ ప్రశ్న చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది, దానికి తోడు కొవిడ్ తర్వాత పీసీఆర్ అనే మాట అందరికీ తెలిసింది కాబట్టి "మొదటే అది చేయించి ఉంటే పోయేది కదా" అనే మాట కూడా. నా మటుకు నాకు, ఆ మూడు రిపోర్టుల్లో ఏదీ అబద్ధం చెప్పలేదనిపించింది. మూడూ మూడు వేర్వేరు వస్తువుల్ని వెతికాయి, అంతే. ఆ తేడా అర్థమైతే చాలా టెన్షన్ తగ్గుతుంది, అందుకే కొంచెం మొదటి నుంచి రాస్తున్నాను.

పరాన్నజీవి ఒంట్లో ఎక్కడెక్కడ ఉంటుంది

మలేరియా తెచ్చేది ప్లాస్మోడియం అనే ఒకే కణం ఉన్న జీవి. ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు లోపలికి వస్తుంది, ముందు కాలేయంలో చేరి అక్కడ వేలల్లో పెరుగుతుంది, ఆ తర్వాతే రక్తంలోకి దిగి ఎర్రకణాల్లో దూరుతుంది. ఎర్రకణాలు పగిలి కొత్త పిల్లలు బయటపడ్డప్పుడల్లా చలీ, జ్వరమూ. కాలేయంలో ఉన్నన్ని రోజులు మనిషికి ఏమీ తెలియదు, రక్తంలో ఏ పరీక్షా దాన్ని పట్టలేదు, పీసీఆర్ కూడా పట్టలేదు.

మన దేశంలో ముఖ్యంగా కనిపించేవి రెండు రకాలు, ఫాల్సిపారం, వైవాక్స్. ఈ రెండింటి నడవడి వేరు, పరీక్షల గొడవంతా చాలావరకు ఇక్కడే పుడుతుంది. ఫాల్సిపారం ఏ వయసు ఎర్రకణంలోనైనా దూరుతుంది కాబట్టి వేగంగా పెరిగిపోతుంది, ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఇదే. పైగా ముదిరిన ఫాల్సిపారం ఉన్న కణాలు మెదడు, మూత్రపిండాల వంటి చోట్ల సన్నటి రక్తనాళాల గోడలకు అంటుకుపోతాయి, వేలి చివర తీసిన రక్తంలో ఉంగరంలాంటి లేత దశ మాత్రమే కనిపిస్తుంది. అందుకే పొద్దున చూసిన పూతలో లేనిది సాయంత్రం పూతలో కనిపించొచ్చు.

వైవాక్స్ సంగతి ఇంకోలా ఉంటుంది. అది కొత్తగా పుట్టిన లేత ఎర్రకణాల్లోకే దూరుతుంది. మొత్తం ఎర్రకణాల్లో అవి నూటికి ఒకటో రెండో ఉంటాయి. అంటే వైవాక్స్ సంఖ్య సహజంగానే తక్కువ. అది చాలదన్నట్టు కొన్ని వైవాక్స్ పరాన్నజీవులు కాలేయంలోనే నెలల తరబడి నిద్రపోయి, ఎప్పుడో లేచి మళ్ళీ జ్వరం తెప్పిస్తాయి. మా మామకి వచ్చింది ఈ రకం.

రక్తపూత: కంటితో చూసే లెక్క

1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మలేరియా రోగి రక్తంలో ఈ జీవిని మొదటిసారి చూశాడు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే దోమ కడుపు గోడలో దాని తిత్తుల్ని చూశాడు. ఆ రోజుల నుంచి ఈ రోజు దాకా పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్ చేసే పని మూలంలో అదే: గాజు పలక మీద రక్తం పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో వెతకడం. మందపు పూతలో ఉందా లేదా అని చూస్తారు, పల్చటి పూతలో ఏ రకమో చూస్తారు.

ఇందులో ఉన్న ఇబ్బంది లెక్క వేస్తే బాగా తెలుస్తుంది. పెద్దమనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మైక్రోలీటర్ అంటే లీటరులో పది లక్షలో వంతు, అంటే ఒంట్లో మొత్తం 50 లక్షల మైక్రోలీటర్లు. మా మామ రక్తంలో మైక్రోలీటర్‌కి 20 పరాన్నజీవులు ఉన్నాయనుకుందాం. ఒంటి మొత్తం మీద అవి 10 కోట్లు! కానీ మందపు పూతలో వంద ఫీల్డులు (మైక్రోస్కోప్‌లో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) చూస్తే కంటి కిందికి వచ్చే రక్తం దాదాపు పావు మైక్రోలీటర్. అందులో ఉండేవి సగటున ఐదు. రంగు వేసేటప్పుడు, కడిగేటప్పుడు కొన్ని పోతాయి. మిగిలిన మూడో నాలుగో, అవి కూడా చుక్కంత ఉంగరాలు, రంగు మరకల మధ్య దొరకాలి. ఆ రోజుకి ఆ టెక్నీషియన్ అప్పటికే ఎన్ని పలకలు చూసి ఉంటారో ఆలోచించండి.

బాగా అనుభవం ఉన్నవాళ్ళు మైక్రోలీటర్‌కి 5 నుంచి 10 ఉన్నా పట్టుకుంటారు. మామూలు ల్యాబుల్లో 50 నుంచి 100 దాటితేనే నమ్మకంగా దొరుకుతుంది. మలేరియా తగ్గేకొద్దీ ఇది ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే ఏడాదికి ఒకటో రెండో పాజిటివ్ చూసే కంటికి, రోజూ పది చూసే కంటికి ఉన్న అలవాటు ఉండదు. మన రాష్ట్రంలో మలేరియా భారం ఎక్కువగా అల్లూరి, మన్యం ఏజెన్సీల వైపే, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో తక్కువ. తక్కువ ఉండటం మంచిదే, కానీ చూసే కన్నుకి సాధన తక్కువ దొరుకుతుందనేది దాని వెనకే వచ్చే నష్టం.

అయినా పూతకి ఒక గొప్ప బలం ఉంది. ఎన్ని ఉన్నాయో, ఏ దశలో ఉన్నాయో, మందు వేశాక తగ్గుతున్నాయో లేదో అరగంటలో, తక్కువ ఖర్చుతో చెప్పగలిగేది ఇదే.

కార్డు టెస్ట్: పరాన్నజీవి వదిలిన ప్రోటీన్

ఆశా కార్యకర్త దగ్గర ఉండే ర్యాపిడ్ కిట్ పరాన్నజీవిని చూడదు, అది తయారుచేసే ప్రోటీన్‌ని చూస్తుంది. మన దగ్గర వాడే కిట్లలో ఫాల్సిపారం గీత హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌కి, వైవాక్స్ గీత ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌కి వస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం, కరెంటు అక్కర్లేదు. నమ్మకంగా గీత పడాలంటే మైక్రోలీటర్‌కి వంద నుంచి రెండు వందల పరాన్నజీవులు ఉండాలి. మన ఉదాహరణలో ఉన్నవి 20. కార్డు "నెగెటివ్" అనడంలో వింత లేదు.

ఇక్కడ రెండు తిరకాసులు ఉన్నాయి. హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్ పరాన్నజీవి చచ్చాక కూడా రక్తంలో వారాల తరబడి తిరుగుతుంది, అందుకే ఫాల్సిపారం పూర్తిగా నయమైన మనిషికి కూడా నెల లోపు కార్డులో గీత పడొచ్చు. దీనికి తలకిందులుగా, కొన్ని ఫాల్సిపారం రకాల్లో ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువే ఊడిపోయింది. 2010లో పెరూలోని అమెజాన్ ప్రాంతంలో ఇది మొదట బయటపడింది, తర్వాత ఎరిట్రియాలో ఎంత ముదిరిందంటే 2016లో అక్కడ కిట్లే మార్చాల్సి వచ్చింది. పరాన్నజీవి నిండుగా ఉంటుంది, కార్డు ఖాళీగా ఉంటుంది. ఈ జన్యువు ఊడిందని తేల్చాలన్నా మళ్ళీ పీసీఆరే కావాలి.

పీసీఆర్: ఒకటిని వంద కోట్లు చేయడం

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి జీవికీ తనదైన డీఎన్‌ఏ ఉంటుంది. ప్లాస్మోడియంలో 18ఎస్ అనే జన్యువు ఉంది. మనిషిలో ఉన్న అలాంటి జన్యువుకీ దీనికీ అక్షరాల తేడా ఉంటుంది, ఫాల్సిపారంకీ వైవాక్స్‌కీ కూడా ఉంటుంది. ఆ తేడా ఉన్న ముక్కని మాత్రమే అదే పనిగా కాపీ చేయిస్తే, ఎంత తక్కువ ఉన్నా కనిపించేంత అవుతుంది. పీసీఆర్ అంటే ఇంతే.

కాపీ ఎలా అంటే, రక్తం నుంచి డీఎన్‌ఏ విడదీసి ఒక చిన్న గొట్టంలో వేస్తారు. అందులో ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, కాపీ చేసే ఎంజైమ్, ముడిసరుకు ఉంటాయి. 95 డిగ్రీలకి వేడి చేస్తే జంటగా పెనవేసుకున్న డీఎన్‌ఏ పోగులు విడిపోతాయి. 55, 60 డిగ్రీలకి చల్లారిస్తే ప్రైమర్లు తమకు సరిపోయిన చోట వెళ్ళి అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైమ్ అక్కడి నుంచి కాపీ రాసుకుంటూ పోతుంది. ఒక చుట్టుకి ఒకటి రెండవుతుంది. అంత వేడికీ చెడిపోని ఆ ఎంజైమ్ అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో దొరికిన బాక్టీరియా నుంచి వచ్చింది. 1983లో ఈ పద్ధతి ఊహించిన కేరీ ముల్లిస్‌కి 1993లో నోబెల్ ఇచ్చారు. సరిగ్గా అదే ఏడాది మలేరియా నాలుగు రకాల్ని విడివిడిగా పట్టే రెండంచెల పీసీఆర్ కూడా వచ్చింది, ఇప్పటికీ చాలామంది కొత్త పరీక్షల్ని దానితో పోల్చి చూస్తారు.

మామ రక్తానికి మళ్ళీ వద్దాం. ల్యాబ్‌లో 200 మైక్రోలీటర్ల రక్తం తీసుకుని, దాంట్లో డీఎన్‌ఏని 100 మైక్రోలీటర్ల ద్రవంలోకి దించి, అందులో 5 మైక్రోలీటర్లు గొట్టంలో వేశారనుకుందాం. ఆ 5లో ఉన్నది 10 మైక్రోలీటర్ల రక్తం సరుకు. అంటే 200 పరాన్నజీవులు. ఒక్కోదానిలో 18ఎస్ జన్యువు ఐదు చోట్ల ఉందనుకుంటే, మొదలుపెట్టేటప్పటికే వెయ్యి ప్రతులు. పది చుట్లకి ఒక్కోటి వెయ్యి పైచిలుకు, ముప్పై చుట్లకి 107 కోట్లు. పూత చూసిన కన్ను పావు మైక్రోలీటర్‌లో ఐదింటిని వెతికితే, పీసీఆర్ దానికి నలభై రెట్లు రక్తాన్ని చూసి, ఉన్న ప్రతిదాన్నీ కోట్ల రెట్లు చేసి చూపించింది. ఇంత తేడా ఉన్నప్పుడు రెండు రిపోర్టులు ఒకటే చెప్పాలని ఎట్లా అనుకుంటాం?

రియల్ టైమ్ పీసీఆర్‌లో కాపీలతో పాటు పెరిగే కాంతిని ప్రతి చుట్టుకీ యంత్రం కొలుస్తుంది. ఆ కాంతి ఎన్నో చుట్టుకి ముందే పెట్టుకున్న హద్దు దాటిందో అదే సీటీ విలువ, కొవిడ్ రిపోర్టుల్లో చూసిందే. అంకె చిన్నదైతే సరుకు ఎక్కువ. ఒకరికి 26, ఇంకొకరికి 36 వచ్చిందంటే తేడా పది కాదు, పది చుట్లు, అంటే దాదాపు వెయ్యి రెట్లు. అయితే ఒక ల్యాబ్‌లోని 30నీ ఇంకో ల్యాబ్‌లోని 30నీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు, రక్తం ఎంత తీసుకున్నారు, ఏ జన్యువు వెతికారు అనే దాన్ని బట్టి మారిపోతుంది.

మామూలు పీసీఆర్ మైక్రోలీటర్‌కి ఒకటి, అంతకన్నా తక్కువ ఉన్నా పడుతుంది. ఎక్కువ రక్తం తీసుకుని, పరాన్నజీవిలో చాలా ప్రతులున్న డీఎన్‌ఏ ముక్కల్ని వెతికే కొత్త రకాలు మిల్లీలీటర్‌కి పాతిక లోపు ఉన్నా పట్టగలవు.

పెద్ద ల్యాబ్ దాకా పోకుండా: ట్రూనాట్, ల్యాంప్

పీసీఆర్‌కి ఏసీ గది, ఖరీదైన యంత్రం, నేర్చినవాళ్ళు కావాలి. అందుకే మామ రిపోర్ట్‌కి రెండు రోజులు పట్టింది. ఈ దూరాన్ని తగ్గించడానికి రెండు దారులు వచ్చాయి.

ఒకటి ట్రూనాట్. గోవాలోని మోల్‌బయో కంపెనీ తయారుచేసిన, బ్యాటరీ మీద నడిచే చిన్న రియల్ టైమ్ పీసీఆర్ యంత్రం. టీబీ కోసం కళ్ళె పరీక్ష చేసేది, 2020లో మన రాష్ట్రంలో కొవిడ్‌కి విరివిగా వాడింది ఇదే. మలేరియాకి వేరే చిప్ ఉంది, ఫాల్సిపారమా వైవాక్సా అనేది చెబుతుంది, గంట, గంటన్నరలో పని అయిపోతుంది. టీబీ కోసం పెట్టిన యంత్రంలోనే చిప్ మార్చి మలేరియా చూడొచ్చు అనేది నాకు చాలా ఆశ కలిగించే సంగతి.

రెండోది ల్యాంప్. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టిన పద్ధతి. వేడి చేయడం, చల్లార్చడం అనే చుట్లు ఉండవు, మొత్తం పని 60, 65 డిగ్రీల దగ్గర ఒకే వేడిలో జరిగిపోతుంది. దీని ఎంజైమ్ డీఎన్‌ఏ పోగుల్ని తానే విడదీసుకుంటూ పోతుంది, నాలుగు నుంచి ఆరు ప్రైమర్లు కలిసి పనిచేస్తాయి. గంట లోపు గొట్టం మసకబారితే పాజిటివ్. పట్టే శక్తి పీసీఆర్‌కి దగ్గరగానే ఉంటుంది, కాకపోతే ఎన్ని పరాన్నజీవులో లెక్క సరిగా చెప్పదు.

"పాజిటివ్" అనే ఒక మాటకి మూడు అర్థాలు

పూత పాజిటివ్ అంటే పరాన్నజీవి ఒళ్ళు కంటికి కనిపించింది. కార్డు పాజిటివ్ అంటే దాని ప్రోటీన్ దొరికింది. పీసీఆర్ పాజిటివ్ అంటే దాని డీఎన్‌ఏ దొరికింది. మూడూ "మలేరియా పాజిటివ్" అనే రిపోర్ట్ మీదే వస్తాయి, ఇబ్బంది అక్కడే ఉంది.

డీఎన్‌ఏ ఉందంటే జ్వరం తెచ్చే దశలో పరాన్నజీవి బతికుందని కచ్చితంగా చెప్పలేం. ఫాల్సిపారంకి మందు వేశాక జ్వరం తెచ్చే దశలు చచ్చిపోయినా, దోమకి ఎక్కే గామెటోసైట్లు కొన్ని వారాలు మిగిలి ఉండొచ్చు, వాటి డీఎన్‌ఏ పీసీఆర్‌లో పాజిటివ్ చూపిస్తుంది. వాటిని చంపడానికే ఏసీటీ (ఆర్టెమిసినిన్ రకం మందు ఇంకో మందుతో కలిపింది) తో పాటు ప్రైమాక్విన్ ఒక్క డోసు ఇస్తారు. పదో రోజు పీసీఆర్ పాజిటివ్ వచ్చిందని "మందు పనిచేయలేదు" అనుకుంటే తప్పు లెక్క అవుతుంది. అందుకే మందు పనిచేస్తోందా అని చూడటానికి ఇప్పటికీ పూతనే నమ్ముతారు.

ఇంకొకటి: డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన ఈ జ్వరం దాని వల్లే అని కూడా చెప్పలేం. మలేరియా తరచూ వచ్చే ఊళ్ళలో కొంతమంది రక్తంలో పరాన్నజీవి కొద్దికొద్దిగా ఉంటూనే ఉంటుంది, వాళ్ళ ఒళ్ళు దానికి అలవాటుపడి జ్వరం రాదు. అలాంటి మనిషికి టైఫాయిడ్ వచ్చి, పీసీఆర్ మలేరియా పాజిటివ్ అని వస్తే, టైఫాయిడ్‌ని వదిలేసే ప్రమాదం ఉంది. కావలిలో పుట్టి పెరిగిన మా మామలాంటివాళ్ళకి ఆ అలవాటు ఉండదు, కొద్ది పరాన్నజీవులకే ఒళ్ళు వణికిపోతుంది. ఆయన విషయంలో లక్షణాలు, పీసీఆర్ రెండూ ఒకే వైపు చూపించాయి.

పీసీఆర్ కూడా తప్పిపోయే చోట్లు

పీసీఆర్ నెగెటివ్ అంటే "ఒంట్లో లేనే లేదు" అని చాలామంది అనుకుంటారు. ఊళ్ళలో సర్వే చేసేటప్పుడు వేలు గుచ్చి రక్తం చుక్కని ఫిల్టర్ పేపర్ మీద ఆరబెడతారు. దాంట్లోంచి తీసే చిన్న ముక్కలో ఉండేది సుమారు 5 మైక్రోలీటర్ల రక్తం. మైక్రోలీటర్‌కి 0.2 చొప్పున ఉన్న మనిషి ఒంట్లో మొత్తం పది లక్షల పరాన్నజీవులు ఉంటాయి. ఆ 5 మైక్రోలీటర్లలో సగటున ఉండాల్సింది ఒక్కటి. సగటు ఒకటి అయినప్పుడు, నూటికి 37 సార్లు ఆ ముక్కలో ఒక్కటీ ఉండదు. యంత్రం ఎంత గొప్పదైనా గొట్టంలో లేని డీఎన్‌ఏని కాపీ చేయలేదు కదా.

రక్తంలోని హిమోగ్లోబిన్ పీసీఆర్ ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది, అందుకే డీఎన్‌ఏని శుభ్రంగా విడదీయాలి. హెపారిన్ వేసిన ట్యూబులో రక్తం తీసినా అంతే, ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు వాడేది అందుకే. కలుషితం అవడం దీనికి వ్యతిరేక సమస్య. ఒక పాజిటివ్ గొట్టం నుంచి కంటికి కనిపించని తుంపర పక్క గొట్టంలో పడితే చాలు, అది కూడా పాజిటివ్ అయిపోతుంది. అందుకని మంచి ల్యాబులో ప్రతిసారీ ఒక గొట్టంలో ఉత్త నీళ్ళు పెట్టి నడుపుతారు. ఆ నీళ్ళు పాజిటివ్ వస్తే ఆ రోజు రిపోర్టులన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఇంక కాలేయంలో నిద్రపోతున్న వైవాక్స్. దాని గురించి రక్తం మీద చేసే పీసీఆర్ ఒక్క మాట కూడా చెప్పలేదు.

పదివేల మందికి చేస్తే ఏమవుతుంది

ఒక మనిషికి చేయడం వేరు, ఊరికి చేయడం వేరు. ఊరికే ఉదాహరణకి, నల్లమల అంచున దోర్నాల వైపు పదివేల మంది రక్తం తీశారనుకుందాం, అందులో నిజంగా పరాన్నజీవి ఉన్నవాళ్ళు 20 మంది. పరీక్ష ఉన్నవాళ్ళలో 95 శాతం మందిని పడుతుంది, లేనివాళ్ళలో 99 శాతం మందికి సరిగ్గా "లేదు" అంటుంది. వినడానికి చాలా మంచి పరీక్ష. ఉన్న 20 మందిలో 19 మంది దొరుకుతారు. లేని 9,980 మందిలో ఒక శాతం, అంటే దాదాపు వంద మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. మొత్తం 119 పాజిటివ్‌లలో నిజమైనవి 19. ఆరుగురిలో ఒక్కరు! మిగతావాళ్ళు లేని జబ్బుకి మందు మింగుతారు. మళ్ళీ ఇంకో జన్యువు మీద రెండోసారి పరీక్ష చేస్తే ఆ వంద ఒకటో రెండోకి దిగుతుంది, కాబట్టి సర్వేల్లో రెండోసారి చూడటం ఉంటుంది.

ఖర్చు తగ్గించడానికి పది మంది రక్తం కలిపి ఒక గొట్టంలో చేసే పద్ధతి కూడా ఉంది. పదివేల పరీక్షలకి బదులు ముందు వెయ్యి, తర్వాత పాజిటివ్ వచ్చిన గుంపుల్లోని వాళ్ళకి విడిగా. పైన చెప్పిన 20 మంది 20 గుంపుల్లో పడ్డా ఇంకో రెండు వందలు, మొత్తం 1,200 చుట్టుపక్కల. కానీ పది రెట్లు పల్చబడుతుంది కాబట్టి అంచు మీద ఉన్నవి జారిపోతాయి.

జ్వరం లేనివాళ్ళలో వెతకాలా? రెండు వాదనలు

2015లో మన దేశంలో నమోదైన మలేరియా కేసులు 11 లక్షల పైచిలుకు, 2023కి అవి 2.27 లక్షలకి తగ్గాయి. 2030 కల్లా పూర్తిగా లేకుండా చేయాలనేది ప్రభుత్వ లక్ష్యం. ఇంత తగ్గాక మిగిలినదాన్ని ఎలా పట్టాలి అనే దగ్గర నిపుణులు రెండుగా చీలుతారు.

ఒక పక్షం అనేది, పూతకీ కార్డుకీ దొరకని ఈ కొద్దిపాటి పరాన్నజీవులే దోమలకి ఎక్కి జబ్బుని బతికిస్తాయి, వాటిని వదిలేస్తే చివరి అడుగు పడదు అని. మలేరియా తగ్గిన ప్రాంతాల్లో కంటికి దొరకని కేసుల వాటా ఎక్కువగా ఉంటుందనే మాట నిజమే. శ్రీలంకని చూడండి. 2016 సెప్టెంబరులో మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది. 2018 చివర్లో బయటి దేశం నుంచి పనికి వచ్చిన ఒక కార్మికుడి నుంచి స్థానికుడికి వైవాక్స్ అంటింది. గుర్తుపట్టి అక్కడికక్కడే ఆపగలిగారు. చీమకుర్తి క్వారీల్లో, కృష్ణపట్నం వైపు పనుల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కార్మికులు రేకుల షెడ్లలో ఉంటారు, క్వారీ గుంటల్లో వాన నీళ్ళు నిలుస్తాయి. జబ్బు తెచ్చారని వాళ్ళని అనడం అన్యాయం, దోమ కుట్టేది ముందు వాళ్ళనే, వైద్యం ఆలస్యంగా అందేదీ వాళ్ళకే. అలాంటి చోట పీసీఆర్‌తో ఒకసారి చూడటం అర్థమున్న పని అని ఈ పక్షం వాదన.

రెండో పక్షం వాళ్ళు, రక్తంలో పరాన్నజీవి ఎంత తక్కువగా ఉంటే దోమకి ఎక్కే అవకాశం అంత తక్కువ, ఆ డబ్బుతో దోమతెరలు, టెక్నీషియన్ పోస్టులు, అయిపోకుండా కిట్లు ఉంటే ఎక్కువ మేలు అంటారు. పైగా రిపోర్ట్ వారానికి వస్తే ఆ కార్మికుడు అప్పటికి ఇంకో జిల్లాకి వెళ్ళిపోయి ఉంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జ్వరం రోగికి మొదటి పరీక్షగా పూతనీ కార్డునే చెబుతుంది, డీఎన్‌ఏ పరీక్షల్ని సర్వేలకి, పరిశోధనకి ఉంచుతుంది. నాకైతే రెండో పక్షం మాటల్లో బరువు ఎక్కువ కనిపిస్తుంది, ట్రూనాట్‌లాంటిది పక్కనే ఉన్న చోట మాత్రం మొదటిది గెలుస్తుంది.

ఇంకేదీ చెప్పలేనిది డీఎన్‌ఏ చెప్పిన సందర్భాలు

మలేషియాలోని సరవాక్‌లో ఏళ్ళ తరబడి పూతలో ప్లాస్మోడియం మలేరియే (ఇదీ ప్లాస్మోడియంలో ఒక రకం పేరే) అని రాసిన కేసులు, 2004లో పీసీఆర్ చేసి చూస్తే కోతుల్లో ఉండే నోలెసి అనే రకం అని తేలాయి. రెండూ మైక్రోస్కోప్‌లో ఒకేలా ఉంటాయి, కానీ నోలెసి 24 గంటలకోసారి పిల్లలు పెడుతూ వేగంగా పెరిగి ప్రాణం తీయగలదు. కళ్ళముందే ఉన్న జబ్బుకి వేరే పేరు రాసి ఉంచాం అన్నమాట.

మన దగ్గర ఇంతకన్నా దగ్గరి ఉపయోగం మిశ్రమ కేసుల్లో. ఒకే మనిషిలో వైవాక్స్, ఫాల్సిపారం రెండూ ఉన్నప్పుడు పూతలో ఎక్కువున్నదే కంట పడుతుంది. వైవాక్స్ అని క్లోరోక్విన్ ఇచ్చి ఊరుకుంటే, క్లోరోక్విన్‌కి లొంగని ఫాల్సిపారం లోపల పెరుగుతుంది. ఇక్కడ పీసీఆర్ చెప్పే మాట రోగి ప్రాణానికి సంబంధించింది. ఆర్టెమిసినిన్ మందుకి లొంగకుండా పోతున్న ఫాల్సిపారంలో కెల్చ్13 అనే జన్యువులో మార్పులు ఉంటాయని 2014లో కంబోడియా నమూనాల నుంచి తెలిసింది, ఇప్పుడు ఆఫ్రికాలోనూ కనిపిస్తున్నాయి. దాన్ని పూతలో ఎంతసేపు చూసినా తెలియదు.

మామ సంగతి

మామకి మూడు రోజులు క్లోరోక్విన్, కాలేయంలో నిద్రపోయే వాటి కోసం పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ రాశారు. మూడో రోజుకే జ్వరం పోయింది. ఆరో రోజున ప్రైమాక్విన్ ఆపేసి చీమకుర్తి వెళ్ళిపోయాడు, పని పోతుందని. మాఘమాసంలో మళ్ళీ అదే చలి. ఇది నిద్రలేచిన పాతదా, క్వారీ దగ్గర కొత్తగా దోమ కుట్టిందా అని నేను చాలా చదివాను. రెండు రక్తాల డీఎన్‌ఏ పోల్చినా వైవాక్స్‌లో కచ్చితంగా తేలదట, ఎందుకంటే కాలేయంలో నిద్రపోయేవి ఒకే వంశానివి కానక్కర్లేదు, మొదటిసారి లేచింది ఒకటైతే రెండోసారి లేచేది ఇంకొకటి కావచ్చు.

ఈసారి పీహెచ్‌సీకి వెళ్ళాడు. అక్కడి ల్యాబ్ టెక్నీషియన్ అమ్మాయి వేలు గుచ్చి పూత తీసింది, అరగంటలో మైక్రోస్కోప్ దగ్గర నుంచి తల ఎత్తి "వైవాక్స్ బాబాయ్, బాగానే ఉన్నాయి" అంది. మధ్యాహ్నానికే మాత్రలు మొదలైనాయి. పీసీఆర్‌కి ఎవరూ పంపలేదు, మా అత్త కూడా అడగలేదు. పద్నాలుగు మాత్రలూ లెక్కపెట్టి తన దగ్గరే పెట్టుకుంది.